గుంటూరు మిర్చి ఎగుమతి సంస్థ మెయిల్ సర్వర్: తప్పు చోట పడిన ‘ఓకే’, తిరగరాసిన యాక్సెస్ పట్టికలు

గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో ఉన్న ఒక ఎగుమతి సంస్థ ఇది. పేరు ఇక్కడ అనవసరం. యార్డులో తేజ, 334 రకాలు కొని, టిక్కీలను (మిర్చి బస్తాలను) కోల్డ్ స్టోరేజీల్లో పెట్టి, వియత్నాం, థాయిలాండ్, శ్రీలంక కొనుగోలుదార్లకు పంపుతుంది. లెక్కల విభాగం విజయవాడ గవర్నర్‌పేటలో ఉంది. అరవై దాకా మెయిల్‌బాక్సులు. సర్వర్ డెబియన్ 12 లైనక్స్ మీద నడుస్తుంది. మెయిల్ పంపడానికి, అందుకోవడానికి పోస్ట్‌ఫిక్స్ 3.7, మెయిల్‌బాక్సులకు, లాగిన్ తనిఖీకి డవ్‌కాట్. సెట్టింగుల పేర్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే ఉన్నాయి. ఫైల్లో రాసేటప్పుడు అండర్‌స్కోర్ ఉన్నచోట అండర్‌స్కోర్‌తో ఇంగ్లీషు స్పెల్లింగ్ వాడుకోవాలి.

బయటపడిన లక్షణాలు

సీజన్ మధ్యలో మూడు ఫిర్యాదులు దాదాపు ఒకేసారి వచ్చాయి. కొనుగోలుదార్లకు పంపిన బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్టులు గంటల తరబడి అందడం లేదు. సర్వర్ ఐపీ బ్లాక్‌లిస్టులో (స్పామ్ పంపే సర్వర్ల జాబితాలో) పడింది. లెక్కల విభాగానికి పాత కొనుగోలుదారు పేరుతో ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అన్న మెయిల్ వచ్చింది. మొదటి రెండింటికీ మూలం ఒకటేనని ఎవరైనా ఊహిస్తారు. మూడోది కూడా అక్కడి నుంచే పుట్టిందని తర్వాత తేలింది.

వెళ్లాల్సిన మెయిళ్ల క్యూను చూపే పోస్ట్‌క్యూ హైఫన్ పీ కొడితే క్యూ నిండా ఈ సంస్థతో సంబంధం లేని చిరునామాలు. పంపినవారి చోట ఒక వియత్నాం కొనుగోలుదారు డొమైన్, అందుకునేవారి చోట ఎక్కడెక్కడి వాళ్లో. ఇలాంటి క్యూ కనపడగానే చాలామంది ఎవరిదో పాస్‌వర్డ్ పోయిందనుకుని అందరి పాస్‌వర్డ్‌లూ మార్చేస్తారు. అంతకన్నా ముందు మెయిల్ లాగ్‌లో ఒక్క వరుస చూస్తే చాలు. క్యూ ఐడీ పట్టుకుని వెతికితే ఎస్‌ఎంటీపీడీ (పోస్ట్‌ఫిక్స్‌లో మెయిల్ అందుకునే భాగం) రాసిన ‘క్లయింట్=’ వరుస దొరుకుతుంది. లాగిన్ అయి పంపినదైతే అదే వరుసలో సాసిల్_యూజర్‌నేమ్ (లాగిన్ పేరు) కూడా ఉంటుంది. ఇక్కడ అది లేదు. ఐపీ కూడా ఆఫీసు నెట్‌వర్క్‌ది కాదు. పాస్‌వర్డ్ లేకుండా, బయటి ఐపీ నుంచి, బయటి చిరునామాకు మెయిల్ దాటిపోయిందంటే, ఏదో నియమం ‘వెళ్లనివ్వు’ అని చెప్పి ఉండాలి. అలా చెప్పగలిగేది యాక్సెస్ పట్టికే, అంటే ఏ చిరునామాను, ఏ ఐపీని వదలాలో, ఆపాలో రాసే ఫైలు.

మూలం

సర్వర్‌లో రాసిన సెట్టింగులను చూపే పోస్ట్‌కాన్ఫ్ హైఫన్ ఎన్ ఇచ్చిన దాంట్లో రెండు వరుసలు మొత్తం కథ చెప్పాయి. ఎస్‌ఎంటీపీడీ_రిలే_రెస్ట్రిక్షన్స్ ఖాళీగా ఉంది. ఎస్‌ఎంటీపీడీ_రెసిపియెంట్_రెస్ట్రిక్షన్స్ ఇలా ఉంది:

పర్మిట్_మైనెట్‌వర్క్స్,
చెక్_క్లయింట్_యాక్సెస్ హ్యాష్:క్లయింట్_ఓకే,
చెక్_సెండర్_యాక్సెస్ హ్యాష్:సెండర్_ఓకే,
పర్మిట్_సాసిల్_ఆథెంటికేటెడ్,
రిజెక్ట్_అన్ఆథ్_డెస్టినేషన్,
రిజెక్ట్_అన్‌నోన్_క్లయింట్_హోస్ట్‌నేమ్,
ఆ తర్వాత బ్లాక్‌లిస్టు తనిఖీలు.

రిలే అంటే అందుకున్న మెయిల్‌ను బయటి చిరునామాకు మోసిపెట్టడం. రిలే జాబితాను విడిగా పెట్టే సౌకర్యం పోస్ట్‌ఫిక్స్ 2.10లో, 2013లో వచ్చింది. అంతకుముందు రిలే అనుమతి, స్పామ్ తనిఖీ రెండూ ఒకే జాబితాలో ఉండేవి. ఈ సర్వర్ కాన్ఫిగరేషన్ ఆ కాలం నాటిది. వెర్షన్ మార్చినప్పుడు పాత నడక చెడకూడదని రిలే జాబితాను ఖాళీగా వదిలేశారు. అలా వదలడం పోస్ట్‌ఫిక్స్ అనుమతించే పద్ధతే. కాకపోతే అప్పుడు రిలేను ఆపే బాధ్యత అంతా రెసిపియెంట్ జాబితాలోని రిజెక్ట్_అన్ఆథ్_డెస్టినేషన్ ఒక్కదాని మీదే పడుతుంది. దానికంటే పైన ఏ పట్టిక ‘ఓకే’ అన్నా తనిఖీ అక్కడే ఆగిపోతుంది, కింది వరుస దాకా రానే రాదు.

యాక్సెస్ పట్టికల్లో అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది ఇదే. ‘ఓకే’ అంటే ఈ జాబితా మొత్తం ముగిసింది, దాటించు అని. ‘డన్నో’ అంటే ఈ పట్టికలో వెతకడం ముగిసింది, జాబితాలో తర్వాతి వరుసకు వెళ్లు అని. యార్డు గేటు దగ్గర చీటీ చూసి లారీని లోపలికి వదలడం వేరు, కాటా వేయకుండా పంపేయడం వేరు. గేటు దగ్గర రాసిన ‘ఓకే’ ఇక్కడ కాటాను కూడా దాటించేసింది.

సెండర్_ఓకే పట్టికలో కొనుగోలుదార్ల డొమైన్లు ఒక్కొక్కటిగా చేరాయి. మెయిల్ ఫ్రమ్ చిరునామాను, అంటే అవతలి సర్వర్ చెప్పే పంపినవారి చిరునామాను, ఎవరైనా ఏమైనా రాసుకోవచ్చు, దానికి తాళం లేదు. ఆ డొమైన్లలో ఒకదాన్ని మెయిల్ ఫ్రమ్‌లో రాసినవాళ్లందరికీ ఈ సర్వర్ ప్రపంచమంతటికీ మెయిల్ మోసిపెట్టింది. అదే ‘ఓకే’ బ్లాక్‌లిస్టు తనిఖీలను కూడా దాటించింది కాబట్టి, కొనుగోలుదారు పేరుతో నకిలీ బ్యాంకు వివరాల మెయిల్ ఏ అడ్డూ లేకుండా లెక్కల విభాగానికి చేరింది.

ఇంకో వరుస అంతకన్నా ప్రమాదకరమైనది. ఎవరో ‘వీఎన్ ఓకే’ అని రాశారు. పేరెంట్_డొమైన్_మ్యాచెస్_సబ్‌డొమైన్స్ సెట్టింగులో ఎస్‌ఎంటీపీడీ_యాక్సెస్_మ్యాప్స్ మామూలుగానే ఉంటుంది. అందువల్ల పట్టికలో రాసిన డొమైన్ దాని కింది డొమైన్లన్నిటికీ వర్తిస్తుంది. రెండక్షరాల ఆ ఒక్క వరుసతో ఆ దేశపు డొమైన్లన్నీ మినహాయింపులోకి వచ్చేశాయి. క్లయింట్_ఓకేలో కూడా ‘203.0’ లాంటి సగం ఐపీలు ఉన్నాయి. హ్యాష్ పట్టికలో ఐపీని కుడివైపు నుంచి ఒక్కో అంకె గుంపు తీసేస్తూ వెతుకుతుంది కాబట్టి, రెండు గుంపులు రాస్తే 65,536 చిరునామాలకు అనుమతి ఇచ్చినట్టే.

మొదట రంధ్రం మూయడం

పట్టికలు తిరగరాయడానికి సమయం పడుతుంది. రంధ్రం మూయడానికి ఒక్క సెట్టింగు చాలు:

ఎస్‌ఎంటీపీడీ_రిలే_రెస్ట్రిక్షన్స్ = పర్మిట్_మైనెట్‌వర్క్స్, పర్మిట్_సాసిల్_ఆథెంటికేటెడ్, రిజెక్ట్_అన్ఆథ్_డెస్టినేషన్

రిలే జాబితా, రెసిపియెంట్ జాబితా రెండూ దాటితేనే చిరునామా ఒప్పుకోలు అవుతుంది. ఒకదానిలోని ‘ఓకే’ రెండోదాన్ని దాటించలేదు. అందుకే రిలే జాబితాలో ఏ పట్టికనూ పెట్టకూడదన్నది మేం గట్టిగా పాటించే నియమం. ఆ మూడు వరుసలే, నాలుగోది వద్దు. పోస్ట్‌ఫిక్స్ చెక్, తర్వాత పోస్ట్‌ఫిక్స్ రీలోడ్.

క్యూ శుభ్రం చేసేటప్పుడు తొందరపడి మొత్తం తుడిచేస్తే అసలు ఇన్వాయిస్‌లు కూడా పోతాయి. ముందు పోస్ట్‌సూపర్ హైఫన్ చిన్న హెచ్ ఆల్ అని కొట్టి అన్నిటినీ హోల్డ్‌లో పెట్టాలి. పోస్ట్‌క్యూ హైఫన్ జే ఒక్కో మెయిల్‌ను ఒక్కో జేసన్ వరుసగా ఇస్తుంది. దాన్ని జేక్యూ అనే సాధనంతో పంపినవారి డొమైన్ ప్రకారం వడపోసి, క్యూ ఐడీలను పోస్ట్‌సూపర్ హైఫన్ డీ హైఫన్‌కు అందించాలి. మెయిలర్ డెమన్ బౌన్సులను విడిగా చూడాలి, నకిలీ మెయిళ్లకు తిరిగొచ్చినవే వాటిలో ఎక్కువ. మిగిలినవాటిని పెద్ద హెచ్‌తో విడుదల చేస్తే సరిపోతుంది. బ్లాక్‌లిస్టు నుంచి తొలగించమని అడగడం ఇవన్నీ అయ్యాకే. రంధ్రం ఉండగా అడిగితే ఐపీ మళ్లీ అందులోకే వెళ్తుంది.

అసలు మినహాయింపులు ఎందుకు పెరిగాయి

పట్టికలో అన్ని డొమైన్లు చేరడానికి కారణం రిజెక్ట్_అన్‌నోన్_క్లయింట్_హోస్ట్‌నేమ్. ఇది మూడు సంగతులు అడుగుతుంది: ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్ పేరు (ఐపీతో వెతికితే దొరికే పేరు) ఉండాలి, ఆ పేరుకు తిరిగి ఐపీ దొరకాలి, రెండు ఐపీలూ ఒకటే అవ్వాలి. చిన్న ఊళ్లలోని ఐఎస్‌పీల దగ్గర సర్వర్ పెట్టుకున్న కొనుగోలుదార్లకు ఈ మూడూ సరిగ్గా ఉండటం అరుదు. ఒక్కో కొనుగోలుదారు మెయిల్ ఆగినప్పుడల్లా ఒక్కో ‘ఓకే’ చేరింది. దానికి బదులు రిజెక్ట్_అన్‌నోన్_రివర్స్_క్లయింట్_హోస్ట్‌నేమ్ పెడితే మొదటి సంగతి ఒక్కటే అడుగుతుంది. పాత లాగ్‌లో తిరస్కరణకు గురైన కొనుగోలుదార్ల ఐపీలకు డిగ్ హైఫన్ ఎక్స్ కొట్టి చూస్తే చాలావాటికి రివర్స్ పేరు ఉంది, అది సరిపోలడమే లేదు. నియమం ఒక మెట్టు తగ్గించగానే మినహాయింపుల పట్టికలో వేళ్లమీద లెక్కపెట్టే ఐపీలే మిగిలాయి. మినహాయింపులు పెరుగుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది నియమాన్నే.

25 పోర్టు: బయటివాళ్లకు మాత్రమే

కొత్త అమరికకు పునాది పోర్టుల విభజన. 25 మీదకు బయటి సర్వర్లే వస్తాయి, అక్కడ లాగిన్ సౌకర్యం అసలు ఉండదు. ఉద్యోగులందరూ 587 లేదా 465 మీదే లాగిన్ అయి పంపాలి. ఈ విభజన లేకపోతే ప్రతి పట్టికా ‘ఇది లోపలివాళ్లా బయటివాళ్లా’ అన్న ప్రశ్నను కూడా మోయాలి, అప్పుడు పట్టికలు చిక్కుపడతాయి.

25 మీద రెసిపియెంట్ జాబితా ఈ వరుసలో కుదిరింది:

పర్మిట్_మైనెట్‌వర్క్స్,
చెక్_రెసిపియెంట్_యాక్సెస్ హ్యాష్:లోపలి_జాబితాలు,
చెక్_క్లయింట్_యాక్సెస్ సీఐడీఆర్:పరికరాలు,
చెక్_సెండర్_యాక్సెస్ హ్యాష్:సొంత_డొమైన్,
చెక్_క్లయింట్_యాక్సెస్ సీఐడీఆర్:కొనుగోలుదార్లు,
రిజెక్ట్_నాన్_ఎఫ్‌క్యూడీఎన్_హెలో_హోస్ట్‌నేమ్,
రిజెక్ట్_అన్‌నోన్_రివర్స్_క్లయింట్_హోస్ట్‌నేమ్,
బ్లాక్‌లిస్టు తనిఖీలు.

వరుస మారితే అర్థం మారుతుంది కాబట్టి ఒక్కోటీ ఎందుకు అక్కడుందో చెప్పుకోవాలి.

మైనెట్‌వర్క్స్ అంటే లాగిన్ లేకుండానే పంపనిచ్చే సొంత ఐపీల జాబితా. అందులో ఇదివరకు 192.168.0.0/16 ఉండేది. ఆ పరిధిలో కోల్డ్ స్టోరేజీ దగ్గర లారీ డ్రైవర్లు వాడుకునే వైఫై కూడా ఉంది. వాళ్లలో ఒకరి ఫోన్‌లో వైరస్ ఉన్నా సంస్థ పేరుతో బయటికి స్పామ్ వెళ్లగలదు. ఇప్పుడు మైనెట్‌వర్క్స్‌లో 127.0.0.0/8, దాని ఐపీవీ6 సమానం మాత్రమే ఉన్నాయి.

అలా చేయగానే వచ్చిన ప్రశ్న: కాటా దగ్గరి స్కానర్ సంగతేమిటి? తూకం చీటీలను స్కాన్ చేసి మెయిల్ చేసే పాత యంత్రాలవి. కొత్త టీఎల్‌ఎస్ వాటికి రాదు, కాబట్టి 587 వాడలేవు. వాటిని మైనెట్‌వర్క్స్‌లో ఉంచడమే అందరూ చేసే పని. కానీ స్కానర్ పంపేది సంస్థ ఉద్యోగులకే. సొంత డొమైన్‌కు వచ్చే మెయిల్‌కు రిలే హక్కు అవసరమే లేదు; బయటి సర్వర్ పంపినట్టే స్కానర్ కూడా పంపొచ్చు. దానికి కావలసిందల్లా హెలో (సంభాషణ మొదట్లో అవతలి యంత్రం చెప్పే తన పేరు), డీఎన్‌ఎస్ తనిఖీల నుంచి మినహాయింపు. అందుకే పరికరాల పట్టికలో స్కానర్ల ఐపీలకు ‘ఓకే’ రాసి, మైనెట్‌వర్క్స్ నుంచి తీసేశాం. రేపు ఎవరైనా ఆ స్కానర్‌లో బయటి చిరునామా కొట్టినా రిలే జాబితా ఆపుతుంది. స్కానర్ ఐపీలను మాత్రం డీహెచ్‌సీపీలో (నెట్‌వర్క్‌లో ఐపీలు పంచే చోట) రిజర్వ్ చేయాలి. లేకపోతే ఒకరోజు ఆ ఐపీ ఇంకెవరి ల్యాప్‌టాప్‌కో వెళ్లి మినహాయింపు దానికి అంటుకుంటుంది.

సొంత_డొమైన్ పట్టికలో ఒకే వరుస ఉంది: సంస్థ డొమైన్, పక్కన ‘రిజెక్ట్’. బయటి నుంచి 25 మీదకు వచ్చే మెయిల్ పంపినవారి చోట సంస్థ డొమైన్ ఉండటానికి కారణం లేదు. ఉంటే అది నకిలీ. స్కానర్లు సంస్థ చిరునామాతోనే పంపుతాయి కాబట్టి పరికరాల పట్టిక దీనికంటే పైన ఉండాలి. కొనుగోలుదార్ల పట్టిక దీనికి కిందే ఉండాలి. పైన పెడితే, కొనుగోలుదారు సర్వర్ ఎవరి చేతిలోనైనా పడ్డ రోజున మన యజమాని పేరుతో మెయిల్ మనకే వస్తుంది. రెండు మినహాయింపుల పట్టికలను కలిపి ఒకటి చేయకపోవడానికి కారణం ఇదే. ఈ నియమానికి ఒక ఖర్చు ఉంది. ఉద్యోగి ఏదైనా బయటి చిరునామాకు పంపితే, ఆ చిరునామా కేవలం ఫార్వర్డ్ చేసి మళ్లీ ఇక్కడికే తోస్తే, పంపినవారి చిరునామా మారదు కాబట్టి అది తిరస్కరణకు గురవుతుంది. మెయిలింగ్ లిస్టు సాఫ్ట్‌వేర్లు కవరు మీది చిరునామా మారుస్తాయి, వాటితో ఇబ్బంది లేదు.

కొనుగోలుదార్ల పట్టికలో ఇప్పుడు డొమైన్లు లేవు, ఐపీలే ఉన్నాయి. ఐపీని నకిలీ చేసి టీసీపీ సంభాషణ పూర్తిచేయడం మెయిల్ ఫ్రమ్ రాసుకున్నంత సులువు కాదు. కొనుగోలుదారు పెద్ద క్లౌడ్ మెయిల్ వాడుతుంటే ఆ కంపెనీ ఐపీ పరిధి మొత్తాన్ని రాయకూడదు, అది లక్షల మంది పంచుకునే పరిధి. అలాంటి సర్వర్ల డీఎన్‌ఎస్ సరిగ్గానే ఉంటుంది కాబట్టి మినహాయింపు అవసరమూ రాదు.

లోపలి_జాబితాలు పట్టిక అన్నిటికన్నా తేలిక. ‘అందరూ’, ‘కోల్డ్‌స్టోరేజీలు’ లాంటి గ్రూపు చిరునామాలకు ‘రిజెక్ట్’. ఉద్యోగులు 587 మీద వస్తారు కాబట్టి ఈ పట్టిక వాళ్లకు తగలదు. అయితే యాక్సెస్ తనిఖీ చూసేది ఆర్‌సీపీటీ టూలో (అందుకునేవారిని చెప్పే ఆదేశంలో) వచ్చిన చిరునామానే, వర్చువల్_ఏలియాస్_మ్యాప్స్ (ఒక చిరునామాను వేరేవాటికి మళ్లించే పట్టిక) దాన్ని విప్పకముందే. పాత ఏలియాస్ పట్టికలో ‘స్టాఫ్’ అనే చిరునామా ‘అందరూ’కు వెళ్తూ ఉంది. ‘అందరూ’ను మూసినా బయటివాళ్లు ‘స్టాఫ్’ ద్వారా అందరికీ పంపగలరు. గ్రూపును కాపాడాలంటే ఏలియాస్ పట్టికలో కుడివైపు ఆ గ్రూపు పేరు ఎక్కడెక్కడ ఉందో గ్రెప్ ఆదేశంతో వెతికి, ఎడమవైపు పేర్లన్నిటినీ ఈ పట్టికలో చేర్చాలి.

587: ఎవరు ఎవరికి పంపొచ్చు

పోస్ట్‌ఫిక్స్ భాగాలను నడిపే ఫైలు మాస్టర్.సీఎఫ్‌లో సబ్‌మిషన్ (587 పోర్టు) వరుస కింద రిలే జాబితా పర్మిట్_సాసిల్_ఆథెంటికేటెడ్, రిజెక్ట్. సెండర్, రెసిపియెంట్ జాబితాలకు ఎంయూఏ_ అని మొదలయ్యే పేర్లతో ప్రధాన సెట్టింగుల ఫైలు మెయిన్.సీఎఫ్‌లో విడిగా విలువలు రాసి, మాస్టర్.సీఎఫ్ నుంచి డాలర్ గుర్తుతో పిలిచాం. మాస్టర్.సీఎఫ్‌లో హైఫన్ ఓ తర్వాత విలువలో ఖాళీ స్థలం ఉండకూడదన్న చిక్కు ఇలా తప్పుతుంది. ఆ పేరు రెండుచోట్లా ఒకేలా ఉండాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా డాలర్ పేరు ఖాళీగా మారి తనిఖీ మొత్తం మాయమవుతుంది, మెయిల్ మాత్రం మామూలుగా వెళ్తూనే ఉంటుంది. మార్పు తర్వాత పోస్ట్‌కాన్ఫ్ హైఫన్ ఎన్ కొట్టి ‘అన్‌యూజ్డ్ పారామీటర్’ హెచ్చరిక ఉందేమో చూడాలి.

సెండర్ జాబితాలో రిజెక్ట్_సెండర్_లాగిన్_మిస్‌మ్యాచ్. దానికి ఎస్‌ఎంటీపీడీ_సెండర్_లాగిన్_మ్యాప్స్ పట్టిక కావాలి. ఇందులో ఎడమవైపు చిరునామా, కుడివైపు దాన్ని వాడగల లాగిన్లు, కామాలతో. చాలాచోట్ల ఇది తిరగబడి ఉంటుంది. ‘ఎక్స్‌పోర్ట్’ అన్న ఉమ్మడి చిరునామాను నలుగురు వాడితే ఒకే వరుసలో నలుగురి లాగిన్లూ రాయాలి. అదే చిరునామాను నాలుగు వరుసల్లో రాస్తే పోస్ట్‌మ్యాప్ (పట్టికను డేటాబేస్‌గా మార్చే ఆదేశం) ‘డూప్లికేట్ ఎంట్రీ’ అని హెచ్చరించి ఒకదాన్నే ఉంచుతుంది. మిగతా ముగ్గురికీ 553 5.7.1, ‘నాట్ ఓన్డ్ బై యూజర్’ అని వస్తుంది.

కాటా గుమాస్తాలు, కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్లు సంస్థలోపలికీ, చెన్నైలోని కస్టమ్స్ బ్రోకర్‌కూ మాత్రమే పంపాలన్నది యాజమాన్యం కోరిక. దీనికి రెస్ట్రిక్షన్ క్లాస్ (ఒక పేరు కింద కట్టిన నియమాల జాబితా) వాడాలి. మెయిన్.సీఎఫ్‌లో:

ఎస్‌ఎంటీపీడీ_రెస్ట్రిక్షన్_క్లాసెస్ = లోపలికే, పెద్దలకే
లోపలికే = చెక్_రెసిపియెంట్_యాక్సెస్ హ్యాష్:అనుమతించినవి, రిజెక్ట్
పెద్దలకే = చెక్_సెండర్_యాక్సెస్ హ్యాష్:పెద్దలు, రిజెక్ట్

గుమాస్తాల పట్టికలో లాగిన్ పేరు, పక్కన ‘లోపలికే’. దాన్ని చెక్_సాసిల్_యాక్సెస్ పిలుస్తుంది, ఇది 2.11 నుంచి ఉంది. అనుమతించినవి పట్టికలో సంస్థ డొమైన్ ‘ఓకే’, బ్రోకర్ చిరునామా ‘ఓకే’. క్లాస్ పేరును మొదటి వరుసలో ప్రకటించడం మరిచిపోతే పోస్ట్‌ఫిక్స్ దాన్ని గుర్తించదు. 451 4.3.5 సర్వర్ కాన్ఫిగరేషన్ ఎర్రర్ అని ఆ గుమాస్తాల మెయిళ్లన్నీ ఆగుతాయి.

‘అందరూ’ చిరునామాకు విభాగాధిపతులు మాత్రమే పంపాలి. అందుకు గ్రూపుల పట్టికలో ఆ చిరునామా పక్కన ‘పెద్దలకే’. ఇప్పుడు ఈ రెండు తనిఖీల్లో ఏది ముందు? గుమాస్తా తనిఖీని ముందు పెడితే, గుమాస్తా ‘అందరూ’కు పంపినప్పుడు ‘లోపలికే’ క్లాస్ ఆ చిరునామా సంస్థ డొమైన్‌ది కాబట్టి ‘ఓకే’ అంటుంది. క్లాసు లోపలి ‘ఓకే’ కూడా దాన్ని పిలిచిన జాబితా మొత్తాన్నీ ముగిస్తుంది. గ్రూపుల తనిఖీ జరగదు. కాబట్టి గ్రూపుల పట్టిక ముందు, గుమాస్తాల పట్టిక తర్వాత, చివర పర్మిట్_సాసిల్_ఆథెంటికేటెడ్, రిజెక్ట్. ‘పెద్దలకే’ క్లాస్ పంపినవారి చిరునామాను నమ్ముతోంది. మామూలుగా అది నమ్మదగింది కాదు, ఇక్కడ లాగిన్‌కూ చిరునామాకూ ముడి వేసి ఉంది కాబట్టే చెల్లుతుంది. ఆ ముడి తీసేసిన రోజు ఈ నియమానికి విలువ ఉండదు.

పట్టిక రకాలు, తయారీ

పేర్లూ చిరునామాలూ ఉన్న పట్టికలకు హ్యాష్, ఐపీలకు సీఐడీఆర్ (‘/24’ లాంటి గుర్తుతో ఐపీ పరిధిని రాసే పట్టిక). పీసీఆర్‌ఈ (అక్షరాల నమూనాలతో పోల్చే పట్టిక) ఈ కేసులో ఎక్కడా వాడలేదు. డొమైన్ చివర మాత్రమే చూసే నమూనా రాస్తే ముందు ఏ అక్షరాలున్న డొమైన్ అయినా సరిపోతుంది, చుక్కకు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టకపోతే ఆ చుక్క స్థానంలో ఏ అక్షరమైనా సరిపోతుంది. హ్యాష్‌తో అయ్యే పనికి దాన్ని తేవడం అనవసరపు ప్రమాదం. కొత్త లైనక్స్ విడుదలలు కొన్ని హ్యాష్ పట్టికలకు ఆధారమైన బర్క్‌లీ డీబీని వదిలేస్తున్నాయి కాబట్టి, సర్వర్ మార్చేముందు పోస్ట్‌కాన్ఫ్ హైఫన్ ఎమ్‌తో ఏ రకాలు ఉన్నాయో చూసుకుని, హ్యాష్ లేకపోతే ఎల్‌ఎండీబీకి మారాలి.

హ్యాష్ పట్టిక మార్చాక పోస్ట్‌మ్యాప్ నడపాలి. రీలోడ్ అక్కర్లేదు, పోస్ట్‌ఫిక్స్ తనే గమనిస్తుంది. సీఐడీఆర్‌కు పోస్ట్‌మ్యాప్ అక్కర్లేదు, రీలోడ్ మాత్రం తప్పనిసరి. ఈ రెండూ తారుమారు చేసుకోవడం వల్లే ‘పట్టికలో రాశాను, పనిచేయడం లేదు’ అన్న ఫిర్యాదుల్లో సగం పుడతాయి. పోస్ట్‌మ్యాప్ నడపకపోతే లాగ్‌లో డేటాబేస్ ‘ఓల్డర్ దేన్ సోర్స్ ఫైల్’ అని హెచ్చరిక వస్తుంది. నడుస్తున్న సర్వర్‌లో హ్యాష్ డీబీని అక్కడికక్కడే తిరగరాయకుండా, వేరే పేరుతో తయారుచేసి ఎమ్‌వీతో అసలు పేరుకు మార్చడం సురక్షితం. అలా చేస్తే మధ్యలో డిస్కు నిండినా సర్వర్ సగం పట్టికతో నడవాల్సి రాదు. ఆ రెండు ఆదేశాలను ఒక మేక్‌ఫైల్‌లో పెట్టి, సిబ్బందికి ‘మేక్’ ఒక్కటే నేర్పాం.

పరీక్షించిన తీరు

పోస్ట్‌మ్యాప్ హైఫన్ క్యూతో ఒక కీ అడిగితే పట్టిక ఏం చెబుతుందో కనపడుతుంది. సీఐడీఆర్‌కు ఇది పూర్తి పరీక్ష. హ్యాష్‌కు కాదు. పట్టికలో డొమైన్ మాత్రమే ఉన్నప్పుడు పూర్తి చిరునామాతో అడిగితే ఏమీ రాదు. కానీ ఎస్‌ఎంటీపీడీ అదే చిరునామాను ముందు మొత్తంగా, తర్వాత డొమైన్‌గా, తర్వాత పై డొమైన్లుగా, చివరికి యూజర్ పేరు పక్కన ఎట్ గుర్తుతో వెతుకుతుంది. ‘వీఎన్ ఓకే’ ఇన్నాళ్లూ ఎవరి కంటా పడకపోవడానికి ఇదీ ఒక కారణం: పోస్ట్‌మ్యాప్‌తో అడిగితే కొనుగోలుదారు చిరునామాకు జవాబు రాదు.

అసలు పరీక్ష ఎక్స్‌క్లయింట్‌తో. ఎస్‌ఎంటీపీడీ_ఆథరైజ్డ్_ఎక్స్‌క్లయింట్_హోస్ట్స్‌లో 127.0.0.1 పెట్టి, లోకల్‌గా 25కు టెల్‌నెట్ చేసి, ఎక్స్‌క్లయింట్ ఆదేశంతో 203.0.113.9 లాంటి బయటి ఐపీని ఇస్తే, పోస్ట్‌ఫిక్స్ ఆ ఐపీ నుంచి వచ్చినట్టే అన్ని నియమాలూ నడుపుతుంది. మళ్లీ ఈహెచ్‌ఎల్‌ఓ, మెయిల్ ఫ్రమ్, ఆర్‌సీపీటీ టూ కొట్టి జవాబు చూసి, డేటా ఇవ్వకుండా క్విట్. కొనుగోలుదారు డొమైన్‌తో బయటి చిరునామాకు: 554 5.7.1, రిలే యాక్సెస్ డినైడ్ రావాలి. సొంత డొమైన్‌తో సొంత చిరునామాకు: 554 రావాలి. స్కానర్ ఐపీ నుంచి సొంత చిరునామాకు: 250 (ఒప్పుకోలు). స్కానర్ ఐపీ నుంచి బయటికి: 554. తిరస్కరణలు ఆర్‌సీపీటీ దగ్గరే కనపడతాయి, ఎందుకంటే ఎస్‌ఎంటీపీడీ_డిలే_రిజెక్ట్ మామూలుగా ‘యెస్’గానే ఉంటుంది. మెయిల్ ఫ్రమ్‌కు 250 వచ్చిందని కంగారు పడనక్కర్లేదు. పరీక్ష అయ్యాక ఎక్స్‌క్లయింట్ సెట్టింగును తీసేయాలి.

సొంత డొమైన్ తిరస్కరణకూ, హెలో తనిఖీకీ ముందు వార్న్_ఇఫ్_రిజెక్ట్ తగిలించి కొన్నాళ్లు నడిపాం. అప్పుడు మెయిల్ ఆగదు, లాగ్‌లో ‘రిజెక్ట్_వార్నింగ్’ అని పడుతుంది. సంస్థ వెబ్‌సైట్‌లోని ఎంక్వైరీ ఫారం బయటి హోస్టింగ్ నుంచి సంస్థ చిరునామాతోనే పంపుతోందని ఇలాగే బయటపడింది. నేరుగా అమల్లో పెట్టి ఉంటే కొత్త కొనుగోలుదార్ల ఎంక్వైరీలన్నీ చడీచప్పుడు లేకుండా పోయేవి. ఆ ఫారాన్ని 587 మీద లాగిన్‌తో పంపేలా మార్పించాకే వార్న్ తీసేశాం.

అమలు తర్వాత తగిలిన తప్పులు

కొనుగోలుదార్ల పట్టికకు కొత్త ఐపీని వాట్సాప్ సందేశం నుంచి కాపీ చేసి అతికించారు. వరుస మొదట్లో ఒక ఖాళీ వచ్చింది. పోస్ట్‌ఫిక్స్ పట్టికల్లో ఖాళీతో మొదలయ్యే వరుస పై వరుసకు కొనసాగింపు. దాంతో పై కొనుగోలుదారుకు ‘ఓకే 198.51.100.20/32 ఓకే’ అన్న విలువ వచ్చింది, కొత్తవాడికి నియమమే లేదు. పైవాడి మెయిల్ మామూలుగానే వస్తుంది కాబట్టి తప్పు ఎవరికీ కనపడదు. పోస్ట్‌మ్యాప్ హైఫన్ క్యూతో పై ఐపీని అడిగితే ఆ పొడుగు జవాబు కనపడింది.

ఇంకోసారి 192.168.30.15/24 అని రాశారు. /24 అన్నప్పుడు చివరి గుంపు సున్నా ఉండాలి. లేకపోతే ఆ నియమాన్ని వదిలేస్తున్నానని లాగ్‌లో హెచ్చరించి ముందుకు పోతుంది. ఒక్క స్కానర్‌కైతే /32. వరుస చివర హాష్ గుర్తుతో వ్యాఖ్య రాసే అలవాటు కూడా మానాలి. వ్యాఖ్య సొంత వరుసలోనే ఉండాలి. ‘రిజెక్ట్’ పక్కన రాసిన వ్యాఖ్య తిరస్కరణ సందేశంగా అవతలివాళ్లకు వెళ్తుంది. కొనుగోలుదారు గురించి లోపలివాళ్ల కోసం రాసుకున్న మాట ఆయనకే చేరడం ఎవరికీ మంచిది కాదు.

లాగ్‌లు, పట్టికల నిర్వహణ

సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు ఉంచాలి. మెయిల్ సర్వర్ల మీద దాడుల్లాంటి ఘటనలను గమనించిన ఆరు గంటల్లో తెలియజేయాలి. డెబియన్‌లో ఆర్‌సిస్‌లాగ్ లాగ్‌రొటేట్ (పాత లాగ్ ఫైళ్లను పక్కకు తీసే అమరిక) వారానికోసారి తిప్పి నాలుగు మాత్రమే ఉంచుతుంది, అంటే నెల రోజులు. దాన్ని 27కు పెంచాం. నకిలీ బ్యాంకు వివరాలకు డబ్బు పంపేసిన పరిస్థితి అయితే లాగ్‌ల కంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బు ఆపడం కష్టమవుతుంది.

మినహాయింపుల పట్టికలకు ఒక గుణం ఉంది: చేర్చమని అందరూ అడుగుతారు, తీసేయమని ఎవరూ అడగరు. ఏ వరుస ఇంకా పనికొస్తోందో తెలియాలంటే లాగ్ కావాలి, కానీ పోస్ట్‌ఫిక్స్ మామూలుగా తిరస్కరణలనే రాస్తుంది, అనుమతులను రాయదు. ఎస్‌ఎంటీపీడీ_లాగ్_యాక్సెస్_పర్మిట్_యాక్షన్స్ = స్టాటిక్:ఆల్ అని పెడితే పట్టిక ఇచ్చిన ప్రతి ‘ఓకే’ కూడా ‘పర్మిట్’ అని లాగ్‌లో పడుతుంది. ఇది 2.10 నుంచి ఉంది. సీజన్ మొత్తం దాన్ని ఉంచి, యార్డుకు వేసవి సెలవులు ఇచ్చినప్పుడు పట్టికలోని ప్రతి ఐపీనీ లాగ్‌లో గ్రెప్ చేస్తారు. కనపడని ఐపీ వరుసను హాష్ గుర్తుతో మూసి, పై వరుసలో తేదీ రాస్తారు. కొత్త సరుకు యార్డుకు వచ్చేదాకా ఆ కొనుగోలుదారు నుంచి ఫిర్యాదు లేకపోతే వరుసను పూర్తిగా తీసేసి రీలోడ్ చేస్తారు.